కుట్టుమిషన్ దగ్గరే ఆగిపోదామా?

ఆడపిల్లలకు ఏ పని నేర్పాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మన సంస్థలన్నీ దాదాపు ఒకే జాబితా బయటికి తీస్తాయి. కుట్టుపని, అల్లికలు, మగ్గం వర్కు, బ్యూటీషియన్ కోర్సు, పచ్చళ్లు, అప్పడాలు. కాస్త ముందుకు వెళితే కంప్యూటర్‌లో టైపింగు, టాలీ. డ్వాక్రా గ్రూపుల రోజుల నుంచి ఇప్పటిదాకా ఈ జాబితా పెద్దగా మారలేదు. ఈ పనులు తక్కువవని నేననడం లేదు. కుట్టుమిషన్ మీద పిల్లల్ని చదివించుకున్న ఒంటరి స్త్రీలు ఎంతమంది ఉన్నారో మనందరికీ తెలుసు. కానీ ఆ జాబితా తయారైన తీరులో ఒక లెక్క ఉంది. ఇంట్లోంచి కదలకుండా చేసుకోగలిగేది, వంటకీ పిల్లలకీ అడ్డు రానిది, మగవాడి సంపాదనకు వేణ్ణీళ్లకు చన్నీళ్లుగా తోడయ్యేది అయితేనే అది ఆడవాళ్ల పని. స్త్రీల శ్రమ గురించి ఇన్నేళ్లుగా మాట్లాడుతున్న మనం కూడా శిక్షణ దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్కనే ఎందుకు ఒప్పుకుంటున్నాం?

ఈ ప్రశ్నను గాలిలో వదిలేయకుండా ఒక పనిని పట్టుకుని మాట్లాడదామనుకుంటున్నాను. వీడియో గేమ్‌లలో కనిపించే మనుషుల్నీ, ఇళ్లనీ, చెట్లనీ, వస్తువుల్నీ కంప్యూటర్‌లో తయారుచేసే పని. దాన్ని త్రీడీ మోడలింగ్ అంటారు. ఈ మాట వినగానే మనలో చాలామంది మొహం చిట్లిస్తారని తెలుసు. "మోడలింగ్" అని కూతురు నోట వినగానే పొట్టి బట్టలేసుకుని ర్యాంపు మీద నడవడమే అనుకుని ఆ అమ్మాయి కాలేజీ మానిపించబోయిన ఒక తండ్రితో నేనే రెండు గంటలు మాట్లాడాల్సి వచ్చింది. ఇక "గేమ్" అన్న మాటకు మన ఇళ్లలో ఇంకో చెడ్డపేరు ఉంది. ఫోన్‌లో రమ్మీ ఆడి అప్పులపాలైన మగవాళ్ల భార్యలు మన దగ్గరికి వస్తూనే ఉన్నారు. డబ్బు పెట్టి ఆడే ఆ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ చట్టం చేసింది. అయితే ఆ చట్టమే డబ్బు పందేల ఆటలను వేరుగా, మామూలు వీడియో గేమ్‌లను వేరుగా చూసింది. మనమూ ఆ తేడా గుర్తించాలి. జూదం యాప్ మీద మనకున్న కోపం, బొమ్మలు చేసే ఒక కళాకారిణి బతుకుతెరువుకు అడ్డం రాకూడదు.

ఇంతకీ ఏమిటీ పని?

ఆటలో ఒక మట్టికుండ కనిపిస్తుందనుకోండి. ముందు ఎవరో దాని బొమ్మ కాగితం మీదో తెరమీదో గీస్తారు. ఆ బొమ్మను చూసి మోడలర్ కంప్యూటర్‌లో దానికి అన్నివైపులా రూపం కల్పిస్తుంది. ఆ రూపమంతా చిన్నచిన్న త్రిభుజాలతో, చతుర్భుజాలతో అల్లిన వల. మొదట మట్టి పిసికినట్టుగా కోట్లకొద్దీ ముక్కలతో సూక్ష్మమైన వివరాలన్నీ చెక్కుతారు. కుండ మీద పగులు, కుమ్మరి వేలిముద్ర, అడుగున మసి, అన్నీ. కానీ ఆట నడుస్తున్నప్పుడు కంప్యూటర్ సెకనుకు ముప్ఫైసార్లో అరవైసార్లో ఆ దృశ్యమంతా మళ్లీమళ్లీ గీయాలి. అంత బరువు అది మోయలేదు. అందుకని అదే కుండను చాలా తక్కువ ముక్కలతో ఇంకోసారి అల్లుతారు. బరువైన రూపంలోని వివరాలను ఒక బొమ్మగా మార్చి ఈ తేలికపాటి రూపం మీద అచ్చు వేస్తారు. వెలుతురు పడినప్పుడు లేని పగులు ఉన్నట్టే కనిపిస్తుంది. తర్వాత రంగు, మెరుపు, గరుకుదనం వేరువేరుగా ఇస్తారు. దూరం నుంచి చూసినప్పుడు వాడటానికి ఇంకా తేలికైన రూపాలు మరో రెండుమూడు చేస్తారు. చివరికి ఆట నడిపే ఇంజను, అంటే అన్‌రియల్ లేదా యూనిటీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో పెట్టి సరిగ్గా ఉందో లేదో చూస్తారు.

మనుషుల బొమ్మలు చేసేవాళ్లు, పరిసరాలు చేసేవాళ్లు, వస్తువులు చేసేవాళ్లు వేరువేరుగా ఉంటారు. బొమ్మకు ఎముకలగూడు అమర్చి కదిలేలా చేసేవాళ్లు మరొకరు. కొత్తగా చేరినవాళ్లకు సాధారణంగా బల్లలు, బిందెలు, తలుపులు లాంటి వస్తువులే ఇస్తారు.

ఈ పని మన దేశానికి కొత్తేమీ కాదు. బెంగుళూరులో ధ్రువ ఇంటరాక్టివ్ 1997లో మొదలైంది. విదేశీ కంపెనీల ఆటలకు బొమ్మలు చేసిపెట్టే పనిలో పేరు తెచ్చుకుంది. 2019లో దాన్ని రాక్‌స్టార్ గేమ్స్ కొనుక్కుంది. గుర్గావ్‌లో 2004లో పుట్టిన లక్ష్య డిజిటల్‌ను 2014లో ఐర్లాండ్‌కు చెందిన కీవర్డ్స్ కొంది. ఫ్రాన్స్‌కు చెందిన యూబీసాఫ్ట్ 2008 నుంచి పూణేలో స్టూడియో నడుపుతోంది. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ కోసం ఇమేజ్ పేరుతో ఒక విధానమే ప్రకటించింది. 2022 కేంద్ర బడ్జెట్‌లో ఈ రంగానికి ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ వేస్తామన్నారు, వేశారు. ప్రభుత్వం డబ్బూ స్థలమూ ఇస్తున్న రంగం ఇది. అందులో ఆడపిల్లల వాటా ఎంత అని అడిగే గొంతు మాత్రం ఎక్కడా వినిపించడం లేదు.

ఏం తెలిసి ఉండాలి?

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. ఈ పనికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. లెక్కల్లో మొదటి ర్యాంకు అక్కర్లేదు. మొట్టమొదట కావలసింది చూసే కన్ను. పాత తలుపు ఏ మూల అరిగిపోతుంది, ఇత్తడి చెంబు మీద చింతపండు తోమిన చోట మెరుపు ఎలా ఉంటుంది, ముసలామె చేతి వేళ్ల ముడతలు ఎటువైపు తిరుగుతాయి అన్నది గమనించగలగాలి. రెండోది చేతితో బొమ్మ గీయడం, శరీర నిర్మాణం తెలియడం. మూడోది వెలుగునీడలు, రంగుల జ్ఞానం. సాఫ్ట్‌వేర్ వీటన్నిటి తర్వాతే. దానికి ఓపిక కావాలి, రోజూ సాధన కావాలి. ఒక ఏడాదో రెండేళ్లో పట్టువిడవకుండా చేస్తే తప్ప చూపించుకోదగ్గ పని చేతికి రాదు. మూడు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అని గోడల మీద అంటించే ప్రకటనలను నమ్మొద్దని మన పిల్లలకు మనమే చెప్పాలి.

సాఫ్ట్‌వేర్ల సంగతికొస్తే మాయా, జీబ్రష్, సబ్‌స్టెన్స్ పెయింటర్ వంటివి డబ్బు పెట్టి కొనాల్సినవి. బ్లెండర్ మాత్రం ఉచితం. 2002లో దాని వాడకందార్లు లక్ష యూరోలు చందాలు పోగుచేసి కంపెనీ చేతిలోంచి విడిపించి అందరి సొత్తుగా చేశారు. ఉమ్మడి ఆస్తి కోసం జరిగిన పోరాటాల్లో దాన్నీ చేర్చుకోవాలని నాకనిపిస్తుంది. ఇవాళ ఒక పేదింటి పిల్ల ఈ పని నేర్చుకోగలుగుతోందంటే దాని పుణ్యమే. ఇక ఉద్యోగం అడిగేటప్పుడు చూపాల్సింది మార్కుల జాబితా కన్నా ముందు తను చేసిన బొమ్మల సంపుటి. ఇరవై నాసిరకం బొమ్మల కంటే నాలుగు నిండైన బొమ్మలు నయం. వాటిని ఎలా అల్లిందో, ఎన్ని ముక్కలతో చేసిందో కూడా చూపించాలి.

మా శిక్షణ కేంద్రంలో కుట్టుపని నేర్పే ఆమె కూతురి సంగతి చెబుతాను. డిగ్రీ చదువుతూ, ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ కొనుక్కుని, ఫోన్‌లో పాఠాలు చూసి బ్లెండర్ నేర్చుకుంది. వాళ్లమ్మ మొదట్లో నా దగ్గర మొత్తుకునేది. "ఏం బొమ్మలో ఏందో మేడం, రాత్రంతా దాని ముందల్నే కూసుంటది. కండ్లు పోతయంటే ఇనది" అని. ఆ పిల్ల తమ సందు చివర ఉండే మిర్చిబజ్జీల బండిని బొమ్మ చేసింది. స్టవ్ మీద నూనె మరకలు, తీగకు గుచ్చిన పేపరు ముక్కలు, చక్రానికి అడ్డం పెట్టిన ఇటుక, అన్నీ ఉన్నాయి. తర్వాత ఒక పల్లెటూరి అమ్మాయి బొమ్మకు లంగా, జాకెట్, ఓణీ తొడగాలనుకుంది. ఆటల్లో బట్టలు చేయడానికి మార్వెలస్ డిజైనర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో బట్టను మనం దర్జీ దగ్గర చూసినట్టే ముక్కలు ముక్కలుగా కత్తిరించి, అంచుకు అంచు కలిపి కుట్టాలి. వాడి చూసుకోమని కొన్నాళ్లు ఇచ్చినప్పుడు ఆ పిల్ల ప్రయత్నించింది. జాకెట్ ఎంత కుట్టినా భుజం దగ్గర ముడత పోలేదట. వాళ్లమ్మ వెనక నిలబడి తెరమీదకు చూసి, "సంక కింద గుంజుతున్నది. కటింగే తప్పు. ముందు భాగం ఇంకింత లోతు తియ్యి" అన్నది. తీసింది. ముడత పోయింది.

నాకు ఈ సంగతి చాలా రోజులు మనసులో తిరిగింది. ముప్ఫై ఏళ్లు జాకెట్లు కుట్టిన స్త్రీ చేతిలో ఉన్నది సాధారణ విద్య కాదు. వంపులున్న శరీరం మీద చదునైన బట్టను ఎలా కూర్చోబెట్టాలో, కుట్టు ఎక్కడ వేస్తే కంటికి కనపడదో, చెయ్యి మడిచినప్పుడు ఎక్కడ వదులు కావాలో ఆమెకు తెలుసు. మోడలర్ చేసేదీ అదే. త్రీడీ బొమ్మకు రంగు వేయాలంటే దాని చర్మాన్ని కుట్టు విప్పినట్టు విప్పి చదునుగా పరుచుకోవాలి. ఆ కుట్లు చంకలోనో, తొడ లోపలివైపో, జుట్టు కిందో దాచుకోవాలి. మోచేయి, మోకాలు, నోటి చుట్టూ అల్లిక సరిగ్గా లేకపోతే బొమ్మ కదిలినప్పుడు అక్కడ చిట్లుతుంది. ఇదే జ్ఞానం కుట్టుమిషన్ ముందు కూర్చుంటే జాకెట్టుకు ఇంత అని, కంప్యూటర్ ముందు కూర్చుంటే నెలకు జీతమని లెక్క కడుతున్నారు. ఒకటి "ఆడవాళ్ల పని", మరొకటి "టెక్నాలజీ". ఈ విభజన ఎవరు చేశారు?

కొండపల్లి బొమ్మల సంగతి చూడండి. తెల్లపొణికి కర్రను చెక్కేది ఎక్కువగా మగవాళ్లు. రంగులద్దే పనిలో ఆ ఇళ్లలోని స్త్రీల చేతులు ఎప్పుడూ ఉన్నాయి. కానీ కళాకారుడు అన్నప్పుడు మన కళ్ల ముందు మెదిలేది ఉలి పట్టిన మగవాడే. కొత్త బొమ్మల కార్ఖానాలో కూడా ఇదే పునరావృతం కావాలా?

ఎవరి శరీరం, ఎవరి చేతుల్లో?

ఈ పనిలోకి స్త్రీలు రావడం ఉపాధి ప్రశ్న మాత్రమే కాదు. ఆటలో స్త్రీ శరీరం ఎలా ఉండాలో నిర్ణయించే కుర్చీ మోడలర్‌ది, ఆమెకు పని చెప్పే అధికారిది. 1996లో ఇంగ్లండ్‌లోని డెర్బీ పట్టణంలో కోర్ డిజైన్ అనే సంస్థ టూమ్ రైడర్ ఆటలో లారా క్రాఫ్ట్ అనే పాత్రను తెచ్చింది. ధైర్యంగా గుహల్లో తిరిగే స్త్రీ కథానాయిక రావడం గొప్ప సంగతే. కానీ ఆమె శరీర కొలతలు మగవాడి చూపుకోసం తయారైనవి. అమ్మకాలూ ఆ చూపు మీదే సాగాయి. 2013లో ఆ పాత్రను కొత్తగా రూపొందించేటప్పుడు గానీ ఆమెకు మామూలు మనిషి కొలతలు దక్కలేదు. పదిహేడేళ్లు పట్టింది.

2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అనే ఆట విషయంలో జరిగింది ఇంకా చిత్రం. నలుగురు కలిసి ఆడే చోట ఒక్క స్త్రీ పాత్ర కూడా ఎందుకు లేదని అడిగితే, స్త్రీ శరీరానికి కదలికలు, బట్టలు అన్నీ మళ్లీ చేయాలి, పని రెట్టింపవుతుందని యూబీసాఫ్ట్ సంస్థవాళ్లు జవాబిచ్చారు. అదే రంగంలో అనుభవమున్న యానిమేటర్ ఒకరు, ఆ పని ఒకటి రెండు రోజులదే అని బహిరంగంగా అన్నాడు. ఆ ఆట కథాకాలం ఫ్రెంచి విప్లవం. రొట్టె కోసం పారిస్ స్త్రీలు వెర్సైల్స్ దాకా నడిచి రాజును పట్టి తెచ్చిన కాలం. స్త్రీ శరీరం "అదనపు ఖర్చు" అన్న మాట మనకు కొత్తేమీ కాదు. ప్రసూతి సెలవు అడిగినప్పుడు, మరుగుదొడ్డి అడిగినప్పుడు, రాత్రి బండి అడిగినప్పుడు యజమానులు అనే మాటే అది.

ఇంకొకటి. 2021లో హొరైజన్ అనే ఆటలో ఎలాయ్ అనే కథానాయిక ముఖాన్ని దగ్గరగా చూపినప్పుడు బుగ్గల మీద సన్నని నూగు కనిపించింది. ప్రతి మనిషికీ ఉండే నూగు అది. ఆడదాని ముఖం మీద వెంట్రుకలేమిటని కొందరు మగ ఆటగాళ్లు ఇంటర్నెట్‌లో రచ్చ చేశారు. ఎవరో కళాకారులు చర్మాన్ని ఉన్నది ఉన్నట్టుగా చెక్కారు. అది అంతమందికి మింగుడుపడలేదు. ఒక నూగు ఇంత అలజడి రేపగలిగితే, నల్లని చర్మం, ప్రసవం తర్వాతి పొట్ట, నాట్లు వేసి వంగిపోయిన నడుము, అరిగిన మడమలు ఆటల్లోకి వస్తే ఏమవుతుంది? రావాలనే నా వాదన. వాటిని చూసి, తెలిసి, గౌరవించే చేతులు అక్కడ ఉంటేనే అవి వస్తాయి.

రాగలవనడానికి ఉదాహరణలున్నాయి. 2020లో పూణేకు చెందిన నోడింగ్ హెడ్స్ సంస్థ రాజీ అనే ఆట తెచ్చింది. తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్లే అక్క కథ. ఆ సంస్థను స్థాపించినవారిలో శృతి ఘోష్ అనే చిత్రకారిణి ఒకరు. అదే సంవత్సరం గేమ్ డిజైనర్ పూర్ణిమా సీతారామన్‌కు విమెన్ ఇన్ గేమ్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. భారతదేశం నుంచి ఆ గౌరవం పొందిన మొదటి వ్యక్తి ఆమె.

లోపల ఏం జరుగుతోంది?

మంచి పని అని చెప్పి ఆడపిల్లల్ని తోసేసి మనం చేతులు దులుపుకోలేం. ఈ పరిశ్రమ చరిత్ర చూస్తే భయం వేస్తుంది. 2018లో అమెరికాలోని రయట్ గేమ్స్‌లో స్త్రీల పట్ల వివక్ష గురించి పత్రికల్లో వచ్చింది. 2019లో ఉద్యోగులు పని ఆపి బయటికొచ్చారు. 2021 డిసెంబర్లో ఆ కంపెనీ 10 కోట్ల డాలర్లు చెల్లించి రాజీకి ఒప్పుకుంది. 2021 జూలైలో కాలిఫోర్నియా రాష్ట్ర విభాగం యాక్టివిజన్ బ్లిజార్డ్ మీద దావా వేసింది. ఉద్యోగుల్లో స్త్రీలు దాదాపు 20 శాతమేననీ, జీతాల్లో, ప్రమోషన్లలో వారికి అన్యాయం జరిగిందనీ, వేధింపులు ఉన్నాయనీ ఆరోపించింది. ఆ కేసులో వేతన వివక్షకు సంబంధించి 2023 డిసెంబర్లో సుమారు 5.4 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఫ్రాన్స్‌లో 2020లో యూబీసాఫ్ట్ ఉద్యోగినులు గొంతు విప్పారు. 2025 జూలైలో బోబిన్యీ కోర్టు ముగ్గురు మాజీ అధికారులకు వేధింపుల కేసులో సస్పెండెడ్ జైలుశిక్షలు వేసింది. ఒక్కరి ధైర్యంతో కాకుండా అందరూ కలిసి నిలబడినప్పుడే ఈ మాత్రం న్యాయమైనా జరిగిందన్నది గమనించాలి.

మన దగ్గర సమస్యలు వేరే రూపంలో ఉన్నాయి. మన స్టూడియోల్లో చాలాభాగం పని విదేశీ కంపెనీల కాంట్రాక్టు. వాళ్ల గడువు మన రాత్రి. గడువు దగ్గరపడితే వారాల తరబడి అర్ధరాత్రి దాకా కూర్చోబెడతారు. చేసిన బొమ్మ ఆటలో ఉంటుంది గానీ చేసినవాళ్ల పేరు చాలాసార్లు ఉండదు. రహస్య ఒప్పందం మీద సంతకం చేసి ఉంటారు కాబట్టి ఆట విడుదలయ్యేదాకా అది నా పని అని చూపించుకోవడానికి కూడా వీలుండదు. అదృశ్య శ్రమ అని మనం ఇంటిపని గురించి అంటుంటాం. ఏసీ గదిలో కూర్చుని చేసే శ్రమ కూడా అదృశ్యం కాగలదు.

నేను చెప్పిన అమ్మాయికే ఏం జరిగిందో చూడండి. ఒక స్టూడియో పరీక్ష పేరుతో పది రోజుల పని ఇచ్చింది. పైసా ఇవ్వలేదు. చేసి పంపాక జవాబే లేదు. ఇంకో చోట ఉద్యోగం ఇస్తామన్నారు, కానీ రెండేళ్ల బాండు రాయాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టాలి. ఇంట్లో అందరూ సంతకం పెట్టెయ్యమన్నారు. మేం ఆ కాగితాన్ని వకీలుకు చూపించి వద్దని చెప్పాం. తొమ్మిది నెలల తర్వాత ఒక చిన్న స్టూడియోలో వస్తువుల బొమ్మలు చేసే ఉద్యోగం వచ్చింది. ఆ తొమ్మిది నెలలూ ఇంట్లో పెళ్లి మాటలు ఆపడానికి మేం పడ్డ పాట్లు వేరే కథ. ఒక్కటి మాత్రం అర్థమైంది. ఈ రంగంలో ఆడపిల్లకు కావలసిన అసలు వనరు సమయం. సాధనకు రెండేళ్లు, వెతుక్కోవడానికి ఒక ఏడాది. కొడుక్కి ఆ సమయం ఇవ్వడానికి ఏ ఇల్లూ ఆలోచించదు. కూతురికి ఇవ్వదు.

రెండు అభ్యంతరాలు

ఇది పట్నం పిల్లల చదువు, మన బస్తీలకూ పల్లెలకూ పనికిరాదని కొందరు మిత్రులు అంటారు. మంచి కంప్యూటర్ ఖరీదు చూస్తే ఆ మాటలో నిజం ఉంది. ఒక్కో ఇంటికి కొనివ్వలేం కూడా. కానీ మన కేంద్రాల్లో పది కుట్టుమిషన్లు పక్కపక్కన పెట్టి నేర్పినట్టే నాలుగు మంచి కంప్యూటర్లు పెట్టి వంతులవారీగా నేర్పవచ్చు. దాతలను కుట్టుమిషన్లు అడగడం మనకు అలవాటైంది, ఇంకోటి అడగడం అలవాటు కాలేదు. ఇవ్వరేమోనని ముందే మనం తగ్గిపోతున్నాం.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఈ పనులన్నీ రేపు కృత్రిమ మేధ చేసేస్తుంది గదా అని. మాట చెబితే బొమ్మ తయారుచేసే సాఫ్ట్‌వేర్లు వచ్చిన మాట వాస్తవం. వాటి దెబ్బ ముందు తగిలేది కొత్తగా చేరేవాళ్లు చేసే చిన్న వస్తువుల పని మీదే. దానికి తోడు 2023, 2024లలో ప్రపంచమంతటా గేమ్ కంపెనీలు వేలమందిని తీసేశాయి. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ సంస్థ కూలిపోయినప్పుడు బెంగుళూరులో వేలమంది కళాకారులు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. ఈ నిజాలు దాచి పిల్లలకు ఆశ పెట్టడం అన్యాయం. అయితే ఈ లెక్కన చూస్తే ఏ పని భద్రంగా ఉంది? రెడీమేడ్ బట్టలు వచ్చి దర్జీ పనిని దెబ్బ తీయలేదా? నేను చెప్పేది ఒకటే. బటన్లు నొక్కడం మాత్రమే నేర్పితే ఆ పిల్ల మొదటి గాలికే కొట్టుకుపోతుంది. బొమ్మ గీయడం, శరీరం, వెలుగు, రూపం, కథ నేర్పితే సాఫ్ట్‌వేర్ మారినా ఆమె నిలబడుతుంది. ఆ చేతితో సినిమాలోకి, ఇళ్ల నమూనాల్లోకి, వైద్య విద్యకు కావలసిన బొమ్మల్లోకి, నగల డిజైన్‌లోకి వెళ్లవచ్చు.

మనం చేయగలిగినవి

మొదటిది, మన శిక్షణ జాబితాలు మనమే తిరగరాయాలి. కుట్టుపని కోర్సు తీసేయమని కాదు. కుట్టు నేర్చిన పిల్లల్లో ఆసక్తి ఉన్నవాళ్లకు ఆ కొలతల జ్ఞానం కంప్యూటర్‌లో ఎలా పనికొస్తుందో చూపించాలి. బొమ్మలేసే పిల్లల్ని బడిలోనే గుర్తించాలి. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్ చదువు ఉందని, దానికి ప్రవేశపరీక్ష ఉందని ఎంతమంది ఇంటర్ పిల్లలకు తెలుసు? లక్షల ఫీజు గుంజే ప్రైవేటు సంస్థల కంటే ముందు ఈ సమాచారం వాళ్లకు చేరాలి.

రెండోది, కాగితాలు. సంతకం పెట్టే ముందు ఒప్పందం చదివించుకోవడం ప్రతి అమ్మాయికీ నేర్పాలి. బాండు ఎంతకాలం, పరీక్ష పనికి డబ్బిస్తారా, చేసిన పనిని ఎప్పుడు చూపించుకోవచ్చు, ఆటలో పేరు వేస్తారా, రాత్రి పనికి బండి ఉందా అని అడగడం ధిక్కారం కాదు. సర్టిఫికెట్లకు నకళ్లే ఇవ్వాలి.

మూడోది మన చేతుల్లోనే ఉన్నది. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలి. అందులో స్త్రీల హక్కుల కోసం పనిచేసే సంస్థల నుంచి గానీ, ఈ విషయం తెలిసినవారిలో నుంచి గానీ బయటి సభ్యురాలు ఒకరు ఉండి తీరాలి. శిక్షణలో ఉన్నవాళ్లూ, అప్రెంటిస్‌లూ ఆ చట్టం కిందికి వస్తారు. పదిమంది లేని చిన్న స్టూడియో అయితే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. మనలో చాలామంది ఇప్పటికే బ్యాంకుల్లో, కాలేజీల్లో, ఫ్యాక్టరీల్లో బయటి సభ్యులుగా ఉన్నాం. గేమ్ స్టూడియోల సంగతి ఎవరైనా కనుక్కున్నామా? ఆ తలుపు తట్టే అధికారం చట్టం మనకిచ్చింది. వాళ్లు పిలిచేదాకా కూర్చోకుండా మనమే ఉత్తరాలు రాయాలి.

నాలుగోది, ప్రభుత్వం. ఈ రంగానికి రాయితీలు, భూములు, నిధులు ఇస్తున్నప్పుడు స్త్రీలకు శిక్షణలో వాటా ఎంతో, కమిటీ ఉందో లేదో, చట్టం చెప్పినట్టు యాభైమంది, అంతకు మించి ఉన్నచోట శిశుగృహం ఉందో లేదో షరతుగా అడగాలి. ప్రజల డబ్బు తీసుకున్నవాళ్లు ప్రజలకు లెక్క చెప్పాలి.

ఏ పని ఆడవాళ్లది, ఏది కాదు అన్న గీతను మనం గీయలేదు. దాన్ని చెరపడం మాత్రం మనం చేయవలసిన పనే. వచ్చే ఆర్థిక సంవత్సరానికి శిక్షణ ప్రతిపాదనలు రాయడానికి కూర్చున్నప్పుడు, పాత కాగితం మీద తేదీ ఒక్కటే మార్చి పంపకుండా, మన కేంద్రానికి వచ్చే పిల్లల్ని ఒకసారి అడుగుదాం. మీకు ఏం నేర్చుకోవాలని ఉంది అని. వాళ్ల జవాబు మన జాబితాలో లేకపోతే జాబితానే మారుద్దాం.